పైడమ్మ నడుముకున్న చిల్లు కాణీలు

పైడమ్మను దొంగ అన్నారు! పంతొమ్మిదేళ్లుగా ఇటుకలు మోస్తున్న మనిషిని, ఉత్తరాది ఉక్కు పట్నంలో సాక్చి దాటాక ఉన్న ఒక చిన్న వర్క్‌షాపు గేటులో, తట్టలు మోసే నలభైమంది రేజాల, అంటే ఆడకూలీల, ముందు అన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పైడమ్మ యుద్ధం రోజుల్లో టెక్కలి వైపునుంచి మొగుడి వెంట వచ్చింది. అప్పుడు సర్కారుకు రాగి కరువు. తుపాకి గుండ్లకు కావాలి మరి! అందుకని కాణీ నడుమ ఇంత చిల్లు పెట్టి, ఆ రాగి మిగుల్చుకుని, ఉత్త చుట్టు జనం చేతిలో పెట్టారు. తట్ట బరువు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. మొదటి వారం కూలిలో మిగిలిన పదకొండు కాణీలను పైడమ్మ తాడుకు గుచ్చి నడుముకు కట్టుకుంది. కూలి గుడిసెలో పెట్టెలా, తాళాలా? మొగుడు పోయినా, నయాపైసలు వచ్చినా ఆ తాడు విప్పలేదు. అది ఆమె మొదటి కష్టార్జితం.

అరవైరెండు ఎండాకాలంలో స్టోరులో రాగి వాషర్లు మాయమవుతున్నాయని గేటులో సోదా పెట్టారు. ఆ సాయంత్రం పైడమ్మ తట్ట దించుతుంటే ముడి ఊడి తాడు కింద పడింది. గేటు కాపలా దర్వాను దాన్ని పైకెత్తి, "చోర్! వాషర్ చోర్!" అని కేకేశాడు. కాణీలు చెమటకు నల్లబడి అరిగిపోయాయి, నిజమే. తుడిచి చూడ్డానికి వాడికేం చేతుల్లేవా?

ఫోర్‌మన్ సోమేశ్వరరావు వచ్చాడు. "తప్పు ఒప్పుకుని ఈ కాగితం మీద వేలిముద్ర వేసి పో. రేపట్నుంచి పన్లోకి రావద్దు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు పైడమ్మ.

"ఎయ్యను! వాషరు మీద కిరీటముంటాదేటి బాబూ? మద్దినున్న రాగి దొరలట్టుకుపోయారు. ఆళ్లనెవులూ దొంగనలేదు. మిగిలిన సుట్టు దాసుకున్న నాను దొంగనా?"

సోమేశ్వరరావు ఒక కాణీని బొటనవేలితో రుద్దాడు. కిరీటం కనిపించింది, కింద 1943. ముఖం మాడింది.

"సరేలే, తీసుకుని పో. రేపు పన్లోకి రా."

పైడమ్మ కదల్లేదు. "సోరన్నోడు కాదనాల. ఈళ్లందరి ముందరా అనాల."

వెనకున్న ఆడవాళ్లంతా తట్టలు దించి అక్కడే నిలబడ్డారు. గేటు మూసుకుపోయినంత పనైంది. దర్వాను నేల చూస్తూ, "చోర్ నహీ హై" అని గొణిగాడు.

"సోరన్నప్పుడు ఇంత సన్నగానే అన్నావేటి?"

దర్వాను రెండోసారి అన్న మాట రోడ్డు మీది రిక్షావాళ్లకు కూడా వినిపించింది.