సామకు వేరే కంచం

హోసూరు దగ్గర మత్తిగిరిలో మా పక్క వాటాలో అమ్మణి ఉండేది. హోసూరు బజారులో చిరుధాన్యాల మండీ నడిపిన శ్రీరంగప్ప భార్య. ఆయన పోయాక మండీ తలుపులు మూసేసి, మూటల మధ్య ఎలుకలు పట్టే పిల్లులను మాత్రం బుట్టల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. వాటి పేర్లు కూడా మండీలో అమ్మిన గింజల పేర్లే. ఉలవ, కొర్ర, సజ్జ, అనప. ఆమెకు పిల్లాపాపా లేరు. ఆస్తి పంపకాలప్పుడు విడిపోయిన మరుదులు పెళ్లి పత్రిక ఇవ్వడానికి తప్ప ఆ గడప తొక్కేవాళ్లు కారు.

నాకు పిల్లులంటే చిరాకు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా ఆయన ఫ్యాక్టరీ చొక్కా ఉతికి మడత పెడితే ఆ సజ్జ దానిమీదే పడుకునేది. అయినా పొద్దున్నే అమ్మణి వాటికి అన్నం పెట్టే వేళకు నేను గోడ దగ్గరికి చేరేదాన్ని. వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో పెరుగన్నం కలిపి, ముద్దలు చేసి అంచు చుట్టూ పెట్టేది. నాలుగూ చుట్టూ చేరి తినేవి. ఒకదాని ముద్దలో ఇంకొకటి మూతి పెట్టినా గొడవ లేదు.

"మా అత్త ఇట్లే పెడతా ఉండె," అనేది. "ఇంటి నిండా జనం. ఒకే తాంబాళంలో కలిపి అందరి చేతుల్లో ముద్ద పెట్టేది. నేను కొత్త కోడలుగా వచ్చిన దినం నా చేతిలోనూ పెట్టె. ఆ ముద్దతో నా భయం పోయింది త్రివేణమ్మా. కంచాలు వేరైనంక ఆ ఇల్లు నిలవలేదు."

రెండువేల అయిదు వానాకాలంలో ఊరి బయట పశువుల ఫారం కంచె దగ్గర తడిసి అరుస్తున్న పిల్లికూన ఒకటి ఆమె కంటబడింది. ఇంకేముంది, కొంగులో చుట్టుకుని వచ్చేసింది. సామ అని పేరు పెట్టింది. వచ్చిన రోజే తాంబాళం దగ్గర దానికీ ఒక ముద్ద.

ఎన్ని ముద్దలు తిన్నా సామ పెరగలేదు. చిగుళ్లు తెల్లబడ్డాయి, ఒళ్లు కాలిపోయేది. హోసూరులో అనంతకుమార్ అనే కుర్ర పశువుల డాక్టరు ఉన్నాడంటే టౌన్ బస్సెక్కి ఇద్దరం పోయాం. నేను పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు జబ్బులన్నీ నాకు అర్థమవుతాయని ఆమె నమ్మకం. డాక్టరు రక్తం తీసి బెంగళూరికి పంపాడు. ఫలితం వచ్చాక మళ్లీ రమ్మంటే పోయాం.

"ల్యుకేమియా వైరస్ అమ్మా, పిల్లుల రక్తాన్ని పాడు చేస్తాది," అన్నాడు డాక్టరు. "నయం చేసే మందు లేదు. కొన్ని నెలలు ఉండొచ్చు, బాగా చూసుకొంటే కొన్నేళ్లూ ఉండొచ్చు. ఎంగిలిలో అంటుకొంటాది. ఒకే పళ్లెంలో తినేది, ఒకదాన్నొకటి నాకేది ఆపల్ల. దీన్ని వేరుగా పెట్టండి. కొన్నాళ్లాగి మిగతావాటికీ రక్తం చూస్తాం."

వేరుగా అన్న మాట దగ్గరే అమ్మణి ముఖం మాడిపోయింది. జబ్బు పేరు విన్నప్పుడు కూడా అంత బాధ పడలేదు.

మర్నాడు చూస్తే ఏముంది, సామ తాంబాళం దగ్గరే ఉంది. పెరుగన్నంలో ఇంత పసుపు కలిపిందట, రోగం అంటకుండా. నాకు ఒళ్లు మండిపోయింది.

"డాక్టరు చెప్పింది చెవిన పడలేదా అక్కా?" అన్నాను గోడ మీంచి.

"ఎంగిలితో రోగమొస్తే మా ఇంట్లో ఎవురూ మిగిలేవాళ్లు కారు."

"ఒకటి నొచ్చుకుంటుందని నాలుగింటినీ చంపుకొంటావా?"

 ఆమె సామ మూతి తుడిచి, ఎత్తుకుని, పెరట్లో కట్టెల గదికి తీసుకుపోయి తలుపు వేసింది. ఒక చిన్న సత్తు గిన్నె కొని దానికి కంచం చేసింది.

ఇక ఆ కూన ఏడుపు వినాలి. మా వంటింట్లోకి వినబడేది. అటువైపు నాలుగు పిల్లులు, ఇటువైపు ఈ ఒక్కటి, నడుమ మూసిన తలుపు. అమ్మణి తన కంచం కూడా ఆ గదికే మార్చుకుంది. దాని పక్కన కూర్చుని తినేది, దానితో ఏవో పాత కబుర్లు చెప్పేది. బయటికి వచ్చి చేతులు డెటాల్‌తో కడిగి, చీర మార్చుకుని మిగతావాటి దగ్గరికి పోతే అవి ఆ వాసనకు తుమ్మి లేచిపోయేవి. ఒడిలో పడుకునే ఉలవ కూడా దూరంగా గోడవారకు జరిగేది. ఇంటినిండా పిల్లులేనని ఊరంతా ఎగతాళి చేసిన ఇంట్లో ఆమె ఒంటరిదైపోయింది. చెప్పిన మాట సరైనదే అయినా, ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నాకు అన్నం సహించలేదు.

చలికాలం వచ్చాక నాలుగింటికీ రక్తం తీయించాం. ఫలితాల కోసం బస్సులో పోతుంటే అమ్మణి పెదాలు కదులుతున్నాయి. మంచి జరగాలని మొక్కుకుంటోందనుకుని నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"నాలుగూ బాగుండాయమ్మా. దేనికీ లేదు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "సమయానికి వేరు చేసినారు, అంతే."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అమ్మణి మాత్రం నవ్వలేదు.

"ఆ ఉలవను ఇంకోసారి చూడకూడదా డాక్టరప్పా? ముసలిది కదా. దానికేమైనా..."

"లేదమ్మా. బాగుంది."

"మరి మనుషులకు అంటుకొంటాదా ఇది?"

"రాదు, రాదు. మీరు భయపడొద్దండి."

"నాకూ రాదా?"

ధైర్యం చెబుతున్నాననుకున్నాడు ఆ పిల్లవాడు. "ఎన్నిసార్లు ముట్టుకున్నా రాదమ్మా," అన్నాడు. ఆ మాటకు వాడిపోయిన ఆమె ముఖం చూసింది నేనొక్కదాన్నే. బస్సులో ఏం మొక్కుకుందో అప్పుడర్థమైంది నాకు. 

తిరిగి వచ్చేటప్పుడు ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఫారం కంచె దాటాక మెల్లగా అంది.

"అయితే సామకు తోడు ఎవురూ లేరన్నమాట."