ఎవరి లైటు వాళ్లదే: మా సదాశివ శర్మ సార్

మా గురువుగారు సదాశివ శర్మ సార్ కాలధర్మం చెందారన్న సందేశం పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కనబడ్డప్పుడు నేను నమ్మలేదు. తెర మీద వచ్చిందల్లా నిజమనుకోవద్దని, స్వయంగా పరీక్షించి చూసుకోమని మాకు నేర్పింది ఆయనే. అందుకని బండి తీసి, గోదావరిఖనిలో ఆయన ఉండే అద్దె ఇంటికి వెళ్లి పరీక్షించాను. వాకిట్లో చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఆ ఒక్కసారి తెర నిజమే చెప్పింది.

ఇలాంటి వ్యాసాల్లో "శోకసముద్రంలో మునిగిపోయాం" అని రాయడం ఆనవాయితీ. సార్ ఉంటే "ఎంత లోతురా?" అని అడిగేవారు. వెటకారానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని. ఆయన వ్యక్తిత్వమంతా ఆ ప్రశ్నలో ఉంది. కాబట్టి మునగడం తర్వాత, ముందు విషయం చెబుతాను.

మంథనిలో అర్చకుల కుటుంబంలో పుట్టి, లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి, బస్టాండు వెనుక టైలరు దుకాణం మీది గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని, బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు వెబ్ స్క్రిప్టింగ్‌లో అక్షరాభ్యాసం చేయించిన విద్యాదాత ఆయన. విద్యాదాత అన్నానని గొప్ప ప్రాంగణాన్ని ఊహించుకోవద్దు. కింద కుట్టుమిషను మొదలైతే పైన మా బల్లలు వణికేవి.

కర్మకాండ ముగిసిన నాడు సార్ భార్య రుక్మిణమ్మ గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఇంక ఆ గది ఎందుకు బిడ్డా? తాళం వేసి, ఓనరుకు అప్పజెప్త. చెప్పేటాయనే పాయె."

"కొత్త బ్యాచి సగంల ఉన్నది గదమ్మా."

"సగం చెప్పేటోళ్లు ఎవరున్నరు? నువ్వు చెప్తవా?"

కర్మకాండకు వచ్చిన పాత విద్యార్థులందరివైపూ చూశాను. వాళ్లందరికీ ఉద్యోగాలున్నాయి. దుకాణాలకు వెబ్ పేజీలు చేసిపెట్టే నాకు ఖాళీ సమయం ఉంది. "ఒక్క క్లాసు చెప్పి చూస్తనమ్మా. కాకుంటే తాళం మీ చేతులనే ఉన్నది," అన్నాను. వీరోచితమైన ప్రతిజ్ఞ కాదు. నోట్లోంచి జారింది, అంతే. ఆ గదికి తాళం పడితే ఏం పోతుందో తెలియాలంటే అందులో ఏం జరిగేదో చెప్పాలి.

మొదటి పాఠంలో సార్ కంప్యూటరు తెరిచేవారు కాదు. "పేజీ తయారు చేసుడంటే క్వార్టరు కట్టుడు. గోడలు, తలుపు, కిటికీ, సున్నం. చూసెతందుకు బాగనే ఉంటది. కని ఎవరన్న వచ్చి తలుపు కొడితే క్వార్టరు పలుకుతదా?" అనేవారు. "పలకది సార్," అనేవాళ్లం. "పలకాలంటే లోపల మనిషి ఉండాలె. ఆ మనిషే స్క్రిప్టు. ఎవరు కొడితే ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె, అది మనం నేర్పాలె." ఆ తర్వాత ఒక బటను పెట్టించి, అది నొక్కితే "ఎవరది?" అని పేజీ అడిగేట్టు రాయించేవారు. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం నన్ను ఎవరని అడిగింది ఆ రోజే. జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను గానీ, అది వేరే వ్యాసం.

ఆయనకొక కఠోర నియమం ఉండేది: విద్యార్థి కీబోర్డును ముట్టుకోరు. మేం ఎంత ఘోరమైన తప్పు రాసినా వెనక నిలబడి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, వంగి చూసేవారు. కుర్చీ ఉండేది, కూర్చునేవారు కాదు. "మీరే సరిచెయ్యరాదుండ్రి సార్" అని ఒకసారి నేను విసుక్కుంటే, "మీ నాయిన బాయిల దిగేముందు లాంపురూంల నెత్తికి పెట్టుకునే లైటు తీసుకుంటడు గద. పక్కోని లైటు ముడతడా?" అన్నారు. ముట్టడు. తన నంబరుది తనదే. "గంతే మరి. ఎవరి లైటు వాళ్లదే. నేను ముడితే నాకు కనబడతది, నీకు కాదు."

తెర మీద ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తే మేం గబుక్కున పేజీ మూసేయబోయేవాళ్లం. ఆయన ముఖం మాత్రం చుట్టం వచ్చినట్టు వెలిగేది. "ఏదో చెప్తున్నది, విందాం పట్టు."

ఆయన బోధనకు శిఖరమనదగ్గ ఘట్టం షిఫ్టుల పేజీ. గంటను బట్టి ఇప్పుడు ఏ షిఫ్టు నడుస్తున్నదో చెప్పే పేజీ రాయమన్నారు. మా ఊళ్లో ఈ విషయం చంటిపిల్లలకూ తెలుసు. పొద్దున ఏడు నుంచి మూడు మొదటిది, మూడు నుంచి పదకొండు రెండోది. ఇక మూడోదానికి, రాత్రి పదకొండును యంత్రం ఇరవై మూడని లెక్కపెడుతుంది కాబట్టి, అందరం ఒకటే రాశాం: గంట ఇరవై మూడుకు తక్కువ కాకూడదు, మరియు ఏడుకు లోపు ఉండాలి. సార్ కంప్యూటరు గడియారాన్ని అర్ధరాత్రికి తిప్పమన్నారు. తిప్పాం. పేజీ తెల్లగా ఊరుకుంది.

"సార్, ఖని మూతబడ్డది," అన్నాను.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, వెంటనే చేతులు వెనక్కి కట్టుకుని, "ఎందుకు?" అన్నారు. చివరికి నా పక్కన కూర్చునే స్వరూప లేచింది.

"సార్, ఇరవై మూడుకు తక్కువ గాకుండ, మల్ల ఏడుకు లోపల... గసొంటి అంకెనే లేదు గద!"

"లేదు. మరి ఈ గడియారం లెక్కన ఇప్పుడు మీ నాయిన ఏడున్నడు?"

"బాయిల ఉన్నడు సార్. నైట్ డ్యూటీ."

"అగో! మీ ఇండ్లల్ల నైట్ డ్యూటీ అంటే ఒకటే ముక్క. ఇయ్యాల పోతరు, తెల్లారి వస్తరు, నడుమ గీత లేదు. యంత్రానికి మాత్రం పన్నెండు కొట్టంగనే గంట సున్నా. ఆ సంగతి మనకు తట్టలే, మన సంగతి దానికి తెలువది."

"మరియు" తీసి "లేదా" పెట్టాం. అర్ధరాత్రి మా నాన్నలందరికీ ఉద్యోగాలు తిరిగొచ్చాయి. వేరే ఊరి పిల్లలైతే ఈ తప్పు ఇంత ఏకగ్రీవంగా చేసేవారు కాదని సార్ ఎంతో గర్వంగా చెప్పుకునేవారు. తప్పులకు కూడా సొంతూరు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

చివరి రోజుల్లో గుండెనొప్పితో సార్‌ను దవాఖానలో చేర్చారని తెలిసి చూడబోయాను. మంచం పక్కనున్న యంత్రం వైపు తదేకంగా చూస్తున్నారు.

"సిస్టరమ్మా, ఇది ఏ అంకె దాటితే మొత్తుకుంటది?"

"మీరు గిట్ల మాటిమాటికి లేచి కూసుంటే మొత్తుకుంటది సార్. పండుకోండి."

"చూసినవా, కండిషన్ దొరికింది," అని నాకేసి తృప్తిగా చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "కొత్తోళ్లకు బోర్డు మీద ప్రశ్న రాసి వచ్చిన. నొక్కి చూడకుండ, ఊహించుకొని రమ్మన్న. నువ్వు పోతే జవాబు చెప్పకు," అన్నారు. అవే నాతో ఆయన ఆఖరి మాటలు. మహనీయుల అంతిమ వాక్కుల్లో సందేశం ఉంటుందంటారు. నాకు దక్కింది నిషేధాజ్ఞ.

అనుకున్న క్లాసు రోజు వచ్చింది. బోర్డు మీద ఆయన గుండ్రటి దస్తూరీ అలాగే ఉంది: "పెట్టెలో 7 రాయండి. బటను నొక్కితే దానికి 1 కలుస్తుంది. ఎంత వస్తుంది?" రుక్మిణమ్మ గారు తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలంతా ముక్తకంఠంతో ఎనిమిది అన్నారు. రవళి అనే అమ్మాయి తెర మీది పెట్టెలో ఏడు రాసి బటను నొక్కింది.

డెబ్బై ఒకటి వచ్చింది.

"అన్నా, దీనికి పిచ్చి లేసింది!" అంది రవళి.

నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. సగం దారిలో ఆగి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాను. ఎంత కష్టమైన ఆసనమో అప్పుడు తెలిసింది. "ఏదో చెప్తున్నది, విందాం పట్టు," అన్నాను. పిల్లలు తెర వదిలి నా ముఖం చూశారు. కింద కుట్టుమిషను మాత్రం మాట్లాడింది. క్లాసు మునిగిందనే అనుకున్నాను.

"ఎంతొచ్చింది బిడ్డా?" గుమ్మంలోంచి రుక్మిణమ్మ గారి గొంతు.

"డెబ్బై ఒకటి అమ్మమ్మా."

"ఏడు, ఒకటి ఎనిమిది గాదా? గట్లెందుకొచ్చింది?"

ఆ రోజు దాకా ఆ గది మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి లోపలికి వచ్చి, రవళి వెనక నిలబడి, తెరలోకి వంగి చూశారు. రవళి ఏడు తీసి మూడు రాసింది. ముప్పై ఒకటి. మళ్లీ చూసింది.

"అమ్మమ్మా... ఇది కలుపుతలేదు. పక్కపక్కన పెడుతున్నది. పెట్టెల రాసింది దీనికి అంకె గాదు, ఉత్త అక్షరం!"

"అయితే అంకె అని ఎట్ల చెప్పాలె దానికి?" అన్నారు రుక్మిణమ్మ గారు, నా వైపు తిరిగి.

సార్ జవాబు చెప్పకు అన్నారు కదా. చెప్పలేదు. ఆమె తాళాన్ని బల్ల మీద పెట్టి, బెంచీ జరుపుకుని పిల్లల మధ్య కూర్చున్నారు.

గురువుగారూ, మీ పాదాలకు మా అందరి నమస్కారం. క్లాసు నడుస్తోంది. మీ కుర్చీ ఖాళీగానే ఉంది. మీరున్నప్పుడూ అది ఖాళీగానే ఉండేది. తేడా మాత్రం తెలుస్తోంది సార్.