ముఖం కనపడేంత నునుపు

బార్డర్ పోస్టు కింద మలుపు దగ్గర మమ్మల్ని దించేసరికి మధ్యాహ్నం మూడయింది. రోడ్డు అక్కడితో సరి. మంచు పడటం లేదు కానీ గాలి ముఖాన్ని కోసేస్తోంది. వీపున కిట్ బ్యాగు, భుజాన రైఫిల్, చేతిలో నా పానాల పెట్టె. బండ్లు, జనరేటర్లు బాగుచేయడం నా డ్యూటీ. నాలుగడుగులు ఎక్కేసరికి ఊపిరి ఆడలేదు. "అమ్మా" అని పెట్టె మీదే కూలబడ్డాను.

మమ్మల్ని తెచ్చిన ట్రక్కు డ్రైవర్ వెనకనుంచి వచ్చాడు. మూలిగిన తీరులోనే తెలుగువాణ్నని కనిపెట్టాడట.

"యాడప్పా మీది?"

"కర్నూలు. కల్లూరు."

"మాది కోసిగి. ఇట్లియ్యి ఆ పెట్టె. ఈడ ఒకేసారి ఎక్కితే చస్తావు."

అంత ఎత్తులో మనిషికీ ఇంజినుకూ ఒకటే జబ్బు, గాలి చాలదు. వారం తిరక్కముందే మా జనరేటర్ నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. వైర్లెస్ సెట్ల బ్యాటరీలన్నీ దానిమీదే చార్జి కావాలి. రాత్రిలోగా నడవాలని పోస్టు కమాండర్ ఆర్డరు. సిలిండర్ హెడ్డు విప్పాను. ఇంజినుకు ఊపిరితిత్తుల పని చేసేది అదే. గాలి లోపలికి వచ్చే దారి ఒకటి, పొగ బయటికి పోయే దారి ఒకటి అందులోనే ఉంటాయి. వాటిని పోర్టులంటాం. పొగ పోయే పోర్టు నిండా మసి గడ్డకట్టింది. గీకేసి, ఎమ్రి పేపరుతో రుద్ది బిగించాను. జనరేటర్ అందుకుంది. కమాండర్ నా వీపు తట్టాడు. నేనూ కాస్త ఉబ్బాను, లేదని ఎందుకనాలి.

అప్పట్లో మా పోస్టులోనే ఉండే డ్రైవర్ ఇదంతా పక్కన కూర్చుని చూశాడు. ఆ సాయంత్రం బంకర్లో టీ మగ్గు నా చేతికిచ్చి, వాళ్ల అన్న సంగతి ఎత్తుకున్నాడు. ఏటా వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి బెంగళూరు కూలికి పోయే కుటుంబం వాళ్లది. అన్న ఒక పాత లగేజీ ఆటో కొన్నాక ఆ పోవడం ఆగింది. ఆదోని మార్కెట్టుకు మూటలు తోలుతున్నాడు. వదిన ఇంటిపట్టున ఉంది, పిల్లలు బడికి పోతున్నారు. ఇప్పుడా ఆటో లోడు లాగడం లేదు. హెడ్డు మార్చాలన్నాడట మెకానిక్కు, కొత్తది కొనే తాహతు లేదు.

"నువ్వు ఎండాకాలం లీవుకు పోతావు గదా. దాని హెడ్డుకు గూడ గాలి దారి చేసియ్యప్పా. బండి నిలిచిపోతే మావోళ్లు మళ్ల తాళమేసుకొని పోవాల్సిందే."

మసి గీకడం వేరు, పోర్టును రాకి పెద్దది చేయడం వేరు. ఆ మాట నేను చెప్పాలి. చెప్పలేదు. "దాందేముందిలే" అన్నాను.

లీవులో ఇంటికొచ్చాను. ఎండాకాలం కల్లూరు. పోస్టులో చలికి వణికిన వేళ్లకు ఇక్కడ ఇనుము ముట్టుకుంటే బొబ్బలెక్కేలా ఉంది. డ్రైవర్ అన్న ఆదోని మీదుగా బస్సులో వచ్చాడు. హెడ్డును టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకొచ్చాడు. అది నా దగ్గర ఉన్నన్నాళ్లూ బండి కదలదు, ఇంట్లోకి రూపాయి రాదు. ఆ తొందర ఆయన ముఖంలో ఉంది, నోట్లో లేదు. మజ్జిగ తాగి తిరుగు బస్సెక్కాడు.

సరైన గ్రైండరు లేదు. కొనాలంటే ఆ ఖర్చుకు కొత్త హెడ్డే కొనొచ్చు. ఉన్నవి సన్న ఆకురాళ్లు, ఎమ్రి పేపరు, వెదురుపుల్లలు. పుల్ల చివర చీల్చి, అందులో ఎమ్రి దూర్చి చుట్టి, మా ఆవిడ కుట్టుమిషన్ మోటారుకు తగిలించాను.

"ఆ మోటారు కాలిపోతే పెళ్లోళ్ల జాకెట్లు నువ్వు కుడతావా?" అంది మా ఆవిడ.

"మనోళ్ల పని. కాలదులే."

"మనోళ్ల పనయితే ఇంకా జాగర్తగా చెయ్యి."

మోటారు కాలలేదు. జాగ్రత్తగానే చేశాను. నా పాపమంతా ఆ జాగ్రత్తలోనే ఉంది.

ట్రైనింగులో మా ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. తెల్లారగానే బెల్టు బకిల్ ముందుకు పట్టమనేవాడు. వంగి అందులోకి చూసేవాడు. "ముఖం కనపడాలి. కనపడలేదా, మళ్లీ రుద్దు." బూటు, బకిల్, మెస్ టిన్, అన్నింటికీ అదే పరీక్ష. మెరిసేది మంచిది, మెరవనిది మురికిది. పట్టాలు పుచ్చుకోకపోయినా ఆ ఒక్క చదువు మాత్రం నా ఒంటికి పట్టేసింది.

గాలి వచ్చే పోర్టును చేతనైనంత వెడల్పు చేశాను. తర్వాత రుద్దడం మొదలుపెట్టాను. గరుకు ఎమ్రి, సన్న ఎమ్రి, ఆఖరికి పాత చీర ముక్క, బకిళ్లు మెరిపించే బ్రాస్సో. వంగి చూశాను. నా ముఖం కనపడింది. అప్పుడు ఆపాను.

డ్రైవర్ అన్న మళ్లీ వచ్చాడు. హెడ్డును ఎండకు తిప్పి పట్టుకుని లోపలికి చూశాడు.

"అబ్బా! అద్దం మాదిరుండాది. మిలిటరీ చెయ్యంటే ఇదప్పా" అన్నాడు. సంచిలోంచి సజ్జ రొట్టెలు తీసి మా ఆవిడకిచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆ రొట్టెలు నేను తిన్నాను.

లీవు అయిపోయి పోస్టుకు చేరాను. డ్రైవర్‌ను అప్పటికి కింది క్యాంపుకు మార్చారు. పైకి రేషన్ వచ్చినప్పుడల్లా ఒక చీటీముక్కైనా పంపేవాడు. మొదట అంతా బాగుందన్నాడు. తర్వాత, ఖాళీగా పోతే దూసుకుపోతోందట, మూటలు వేసి కదిలిస్తే దగ్గి ఆగిపోతోందట, పెట్రోలు తాగేస్తోందట అన్నాడు. కార్బురేటర్ చూపించమని కబురంపాను. నా పని మీద నాకంత నమ్మకం.

ఒక ఉదయం మా వంటశాల, లంగర్ దగ్గర మెస్ టిన్ తోముకుని, అలవాటుగా ముఖం చూసుకున్నాను. నా ఊపిరి దాని మీద చుక్కలు కట్టి జారింది. పక్కనే గోనెసంచి. దాని మీద ఊదాను. చుక్క లేదు. మళ్లీ టిన్ను మీద ఊదాను. చుక్కలు, ధార.

అప్పుడు అర్థమైంది. గాలితో కలిసి తుంపరగా పోవాల్సిన పెట్రోలు, నేను నున్నగా రుద్దిన గోడకు అంటుకుని ఇట్లాగే కారుతోంది. దానికి తోడు దారి మరీ వెడల్పు చేశాను. లోడు మీద, నెమ్మదిగా తిరిగే ఇంజినులో, గాలికి ఈడ్చుకుపోయే బలం లేదు. ఆ గోడ కాస్త గరుకుగా ఉండాలి. నేను అద్దం చేశాను.

కింది క్యాంపుతో మాట్లాడటానికి వైర్లెస్ సెట్టు దగ్గరికి పరుగెత్తాను. ఆపరేటర్ మొహం చిట్లించాడు. "సొంత మాటలు వద్దు. ఒక్క నిమిషం."

"డ్రైవర్‌ను పిలవండి. ఓవర్."

గరగర. తర్వాత వాడి గొంతు. "చెప్పప్పా. ఓవర్."

"తప్పు నాదే. హెడ్డు చెడగొట్టింది నేనే. మీ అన్నకు చెప్పు, లోపల గరుకు ఎమ్రితో గీకమను. పూర్తిగా కాకపోయినా కొంత నయమవుతుంది. ఓవర్."

బటన్ వదిలి సెట్టుకు చెవి ఆనించాను.

"అన్న బండి అమ్మేసినాడప్పా. మొన్ననే అందరూ బెంగళూరికి పోయినారు. పిల్లోళ్లను గూడ తోడుకొని పోయినారు. నువ్వు మనసులో పెట్టుకోవద్దు. ఓవర్."

మనసులో పెట్టుకోవద్దన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు లంగర్లో అన్నం ముందు కూర్చుంటే సజ్జ రొట్టెల రుచి నోట్లోకొచ్చింది. లేచి వచ్చేశాను.

పెన్షన్ మీద ఇంటికొచ్చాక ఊళ్లో ఎవరు కలిసినా బార్డర్ గురించే అడుగుతారు. కాల్పులు చూశావా, భయమేసిందా అంటారు. చూశాను, వేసింది. నిద్రలో నన్ను లేపేవి మాత్రం అవి కావు.

ఒకసారి కోసిగి పోయాను. వాళ్ల ఇంటికి తాళం. పక్కింటి ముసలామె ఎవరు కావాలని అడిగింది. డ్రైవర్‌తో కలిసి పనిచేసినవాణ్నని చెప్పాను.

"ఓ, మిలిటరీ ఆయప్ప నువ్వేనా! అదో చూడు, గూట్లో ఉండాది. బండి కొన్నోడు వేరేది ఏసుకొని దీన్ని ఎనక్కిచ్చినాడు. పాత ఇనుము కింద గుజిరీకి ఏస్తామంటే పెద్దోడు ఒప్పుకోలే. 'తమ్ముని దోస్తు మనకోసం అంత కష్టపడి చేసినాడు, పారేయకూడదు' అని ఆడ పెట్టిపోయినాడు."

వాకిలి పక్క గోడలో దీపం గూడు ఉంది. అందులో హెడ్డు. దుమ్ము పట్టి ఉంది. చేతిలోకి తీసుకోబోయి, తీసుకునే అర్హత లేక, వంగి లోపలికి చూశాను. దుమ్ము పోర్టు లోపలి దాకా పోలేదు. నా ముఖం ఇంకా కనపడుతోంది.