అత్తమ్మ కంటి మందుకు నేను చేయించిన ప్రార్థన

ఒక మనిషి సొంత అత్తగారి కంటిచూపును, పూర్తి ప్రేమతో, సంఘం పెద్దల సమక్షంలో, స్తోత్రాలు చెబుతూ చెబుతూ పోగొట్టే దాకా తీసుకుపోగలడా? పోగలడు. ఆ మనిషిని నేనే. ఇది చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికే ఒక వరుస నడుస్తోంది, మీరూ వచ్చి నిలబడవచ్చు.

అప్పటికి నా పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాను. అత్తమ్మ మెదక్ వైపు మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరై, మా దగ్గరికొచ్చి, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో నీరు చేరి అక్షరాలు వంకర్లు తిరగడం మొదలైంది. నాంపల్లిలో కంటి డాక్టరుకు చూపిస్తే, కంట్లోకే ఇంజెక్షన్ వేయాలి, ఇంకో వారం ఆలస్యమైతే చూపు దక్కుతుందని చెప్పలేను అన్నాడు. ఇల్లంతా బెంబేలెత్తింది. ఆ పని నాకు వదిలేయండి అని నేను ముందుకొచ్చాను. పెళ్లినాటి నుంచి ఆమె నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు, ఇదే అదను అనుకున్నాను. అతిభక్తి దొంగ లక్షణం అంటారు గాని, అల్లుడి లక్షణం కూడా.

ఆ మందు సంగతి కొంచెం చెప్పాలి. ఒక సీసా ఒక్క రోగికి చాలా ఎక్కువ. అందుకని నలుగురు జమయ్యాక, అబిడ్స్‌లో మందులు కలిపి ఇచ్చే ఒక ఫార్మసీలో సీసా తెరిచి, తలా ఒక చిన్న సిరంజిలోకి ఎక్కించి, కవర్లో పెట్టి సీలు వేస్తారు. అక్కడి ఫార్మసిస్టు మేడమ్ ఐసు పెట్టిన థర్మకోల్ డబ్బా నా చేతికిస్తూ, మొదటిసారి బడికి పంపే పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"సీసా మీదున్న డేటు చూసి సంబురపడకు బాబూ. అది మూత తీయనంత వరకే. పంచినంక దీని బతుకు ఇయ్యాల సాయంత్రం దాక, అది సుత చల్లగుంటెనే. కవర్ డాక్టరే చింపాలె. సమజైందా?"

అయిందన్నాను. తల కూడా ఊపాను.

అబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరం గనక? తిన్నగా వెళ్లి డాక్టరుకు ఇచ్చి ఉంటే ఈ కథే లేదు. కాని నేను అత్తమ్మకు తెలియకుండా ఒక ఏర్పాటు చేశాను. మాలో ఆపరేషన్ అన్నా, సూది అన్నా, ముందు రోగి తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అందుకని అయ్యగారిని, అంటే మా పాస్టరు గారిని, చర్చి సంఘం పెద్దలను క్లినిక్కు రమ్మన్నాను. వాళ్లను చూసి అత్తమ్మ "నువ్వే పిలిచినవా?" అని అడిగింది. ఆ గొంతులో మొదటిసారి కొంచెం మెత్తదనం వినిపించింది. ఆ మెత్తదనమే నా కొంప ముంచింది.

అయ్యగారు ఆమె తల మీద చేయి పెట్టబోతుండగా నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. రోగికి దీవెన సరే, కంట్లోకి పోయేది మందు కదా, దానికెందుకు తక్కువ చేయాలి? డబ్బా తెరిచాను. సిరంజి తీశాను. కవరు అడ్డం వచ్చింది. ప్లాస్టిక్ మీద ప్రార్థన చేస్తే దీవెన ప్లాస్టిక్‌కే పోతుంది కదా అని కవరు చింపేశాను. (ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా తెలివిని మెచ్చుకోండి, మళ్లీ ఆ అవకాశం రాదు.) సిరంజిని అయ్యగారి అరచేతిలో పెట్టాను.

అయ్యగారి ప్రార్థన పొట్టిది కాదు. మందు కలిపిన చేతులతో మొదలుపెట్టి, డాక్టరు చదివిన కాలేజీ మీదుగా, అసెంబ్లీలో కూర్చునే పాలకుల దాకా వెళ్లి, నాంపల్లి స్టేషన్లో ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను దీవించి తిరిగొచ్చారు. తర్వాత సిరంజి ఒక్కొక్క సంఘపెద్ద చేతిలోకి వెళ్లింది. ఎండలో పడి వచ్చిన చేతులు, చెమట చేతులు, ఆవేశంతో ఊగే చేతులు. నేను కళ్లు మూసుకుని అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పాను.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా నర్సు నిలబడి ఉంది.

"కవర్ ఎవరు చింపిన్రు?"

అంతమంది విశ్వాసులు ఒకేసారి నావైపు చూశారు.

"ప్రార్థన కోసం, సిస్టర్. జరంతసేపే."

"గిప్పుడిది కంట్ల ఎక్కిస్తే చీము పడ్తది. ఉన్న కన్ను సుత పోతది."

"సాయంత్రం దాక టైమున్నదన్నరు కదా."

"సీలుతోని, చల్లగ ఉంటే. మీరు చింపిన్రు, గప్పుడే దాని ఆయుష్షు అయిపోయింది."

ఇంకో సీసా ఎప్పుడు తెరుస్తారని అడిగితే, మళ్లీ నలుగురు జమైతే వచ్చే వారం అంది. డాక్టరు వద్దన్నది సరిగ్గా ఆ వారమే. అత్తమ్మ అరచేతిని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, వేళ్లు కనిపిస్తున్నాయో లేదో చూసుకుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆలస్యం అమృతం విషం అంటారు. నాకు ఆ ఆలస్యం కూడా అవసరం పడలేదు.

ఏ ఆటో ఆగకపోతే అబిడ్స్‌కు పరుగెత్తాను. మేడమ్ నా ముఖాన్ని, ఖాళీ డబ్బాను చూసి సగం అర్థం చేసుకుంది, మిగతా సగం విని కుర్చీలో కూలబడింది. నలుగురిలో ఒకాయన జ్వరమొచ్చి రాలేదట. ఆయన వాటా ఫ్రిజ్‌లో ఉంది, సాయంత్రం దాటితే పారబోయడమే. నేను ఆమెను బతిమాలిన తీరు ఇక్కడ రాయను, మా పిల్లలు చదువుతారు. ఆమె డాక్టరుతో మాట్లాడి, ఆ జ్వరం మనిషిని అడిగి, చివరికి ఒప్పుకుంది. కాని డబ్బా నా చేతికివ్వలేదు. తనే షట్టరు దించి, ఆటోలో నా పక్కన కూర్చుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. దారి పొడవునా నా చేతుల మీద ఒక కన్నేసి ఉంచింది.

మేము లోపలికి రాగానే అయ్యగారు లేచి, పాపం, మళ్లీ కళ్లు మూసుకోబోయారు. అత్తమ్మ ఆపింది.

"అయ్యగారూ, ముందుగాల సూది. దేవునికి ఎక్స్‌పైరీ లేదు, దీనికున్నది."

సూది వేశారు. కొన్ని వారాలకు అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. ఒక ఆదివారం పొద్దున అత్తమ్మ నన్ను పిలిచి, కిటికీ వెలుగులో నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా తేరిపార చూసింది. ఇన్నాళ్లకు మెచ్చుకోబోతోందని నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఆమె మా ఆవిడ వైపు తిరిగింది.

"గీ సూది నీ పెండ్లికి ముందే ఏయించుకునేదుండె బిడ్డా."

కాబట్టి సంఘం సాక్షిగా, నర్సు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు చింపాల్సిన కవరు జోలికి ఈ జన్మలో పోను. ప్రార్థన మాత్రం మానలేదు, చేతులు వెనక్కి కట్టుకుని చేస్తున్నాను.