బాబాయి కార్డు మీద గిటారు

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. ఏ వస్తువు కొనాలన్నా ముందు ఒక పట్టిక వేస్తాను. మిక్సీకి వేశాను, అమ్మ మోకాలి పట్టీకి వేశాను. గిటారుకు వేసిన పట్టిక మాత్రం అన్నిటికంటే పొడుగు. పైచెక్క ఒకే పలకా, లేక పొరలు అతికించిందా? తీగలు మెడ మీద ఎంత ఎత్తున ఉన్నాయి? శ్రుతి చేసే మరలు జారిపోతాయా? కృష్ణ ఒడ్డున ఉండే మా భవానీపురం ఉక్కకు ఆ చెక్క ఉబ్బుతుందా? పైచెక్క ఒకే పలకైతే ఏళ్ళు గడిచేకొద్దీ నాదం మెరుగవుతుందని చదివాను. వాయించేవాడు మెరుగవుతాడని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇంత పరిశోధన చేసినవాణ్ణి ఎందుకు కొంటున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇంటర్మీడియట్ ఊరి బయట ఉన్న హాస్టలు కాలేజీలో చదివాను. అక్కడ వారం వారం పరీక్ష, సోమవారం పొద్దున్నే గోడ మీద ర్యాంకులు. తర్వాత ఇంజనీరింగు, ఉద్యోగం. గోడ పోయి స్క్రీన్ వచ్చింది, ర్యాంకు పోయి రేటింగ్ వచ్చింది. మా ఇంట్లో ఏదైనా మొదలుపెట్టామంటే దాని ఫలితం ఎప్పుడొస్తుందో కూడా చెప్పాలి. ముప్పై దగ్గరపడుతుంటే నాకొక చిన్న కోరిక పుట్టింది. ఏదో ఒక విద్య తలుపేసుకుని, నెమ్మదిగా, తప్పులతో, నా ఇష్టమొచ్చినంత అధ్వాన్నంగా నేర్చుకోవాలి. ఎంతవరకు వచ్చిందని మాత్రం ఎవరూ అడక్కూడదు.

ఏలూరు రోడ్డులో ఒక వాయిద్యాల కొట్టుకు వెళ్ళి నాలుగు గిటార్లు దింపించి చూశాను. అడగాల్సినవన్నీ అడిగాను. కొట్టాయన నా ఫోన్‌లోని పట్టిక వంక ఒకసారి చూసి, "ఆన్‌లైన్‌లో కొంటారు కదండీ, పర్లేదు, తీరిగ్గా చూసుకోండి" అన్నాడు. మొహమాటపడి ఒక తీగల సెట్టు కొన్నాను. ఆ తీగలు నేను ఎంచుకున్న గిటారుకు సరిపడవని ఇంటికొచ్చాక తెలిసింది.

దసరా అమ్మకాలు మొదలయ్యాయి. నా గిటారు ధర బాగా తగ్గింది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుంటే ఇంకో పది శాతం తగ్గుతుందని ఉంది. నా దగ్గర మూడు కార్డులున్నాయి, ఒక్కటీ ఆ బ్యాంకుది కాదు. ఇలాంటప్పుడు మన ఇళ్ళల్లో ఏం చేస్తామో అందరికీ తెలిసిందే. ఆ కార్డు బంధువుల్లో ఎవరి దగ్గరుందో వాకబు చేస్తాం.

మా బాబాయి దగ్గరుంది. ఆయనకు పామర్రు సెంటర్లో ఎరువుల కొట్టుంది. బ్యాంకు మేనేజరు మొహమాటానికి తీసుకున్న ఆ కార్డును పెట్రోలు బంకులో తప్ప ఎక్కడా బయటికి తీయడు. అడగ్గానే రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేశాడు. కార్డు వివరాలు ఎవరికీ ఫొటోలు తీసి పంపకూడదని ఆఫీసులో కొత్తవాళ్ళకు చెప్పేది నేనే. ఫొటో స్పష్టంగా వచ్చినందుకు సంతోషించాను.

అంకెలన్నీ నింపి బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, నీకిప్పుడు ఓటీపీ వచ్చుంటది. చెప్పు."

"వచ్చింది. ఏడు, నాలుగు... ఆగాగు. ఇంత పెట్టి ఏం కొంటున్నావురా?"

"సామాను బాబాయ్. ముందు నంబరు చెప్పు, టైమైపోద్ది."

"ఏం సామాను?"

"ఇంట్లోకి."

"ఇంట్లోకైతే వదిన నాకెప్పుడో చెప్పేది. ఏడు, నాలుగు, సున్నా, రెండు. మిగతా రెండూ సామాను పేరు చెప్పాక."

స్క్రీన్ మీద సెకన్లు కరిగిపోతున్నాయి. కింద 'ఒక్కటే మిగిలింది' అని ఎర్రగా మెరుస్తోంది. ఆ మాట అందరికీ అలాగే మెరుస్తుందని నాకు తెలుసు. తెలిసినా చెమట పట్టింది.

"గిటారు."

"గిటారా!" అని బాబాయి గొంతు కొట్టంతటికీ వినబడింది. యూరియాకు వచ్చినాయన కాబోలు, "ఎవరికండీ?" అన్నాడు.

"మా అన్నయ్య కొడుక్కి. సాఫ్ట్‌వేరు."

"అయ్యో, ఉద్యోగం పోయిందా?"

"ఛ, లేదయ్యా. సరదాకి. ఒరేయ్, ఒకటి, తొమ్మిది. కానియ్."

పది శాతం తగ్గింది. ఆ నిమిషంలోనే బాబాయికి డబ్బు ఫోన్‌లో పంపేశాను. అయినా "మావాడికి గిటారు నేనే కొనిపెట్టా" అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. బిల్లు మీద ఉన్నది ఆయన కార్డే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేకపోయాను.

అరగంటలో అమ్మ గరిటెతో సహా నా గదిలోకి వచ్చింది.

"ఏరా, గిటారు కొన్నావంట?"

"ఎవరు చెప్పారు?"

"పిన్ని ఫోన్ చేసింది. మా ఇంట్లో సంగతి నాకు పామర్రు నుంచి తెలియాలా?"

నా గదికీ వంటింటికీ మధ్య ఒక్క గోడ. వార్త మాత్రం పామర్రు వెళ్ళి తిరిగొచ్చింది. పైగా దారిలో కొంచెం ఎదిగింది కూడా. బాబాయి దగ్గర 'కొన్నాడు', పిన్ని దగ్గర 'నేర్చుకుంటున్నాడు', పిన్ని చెల్లెలి దగ్గర 'వాయిస్తాడు'. మేం చదువుకున్న యాంప్లిఫయర్లు కూడా ఇంత శుభ్రంగా పనిచేయవు. గిటారు అప్పటికి గోదాము నుంచి బయల్దేరనే లేదు.

పెట్టె వచ్చిన రోజు అమ్మ పసుపూ కుంకుమా తీసుకొచ్చింది. మా ఇంట్లో స్కూటరూ, ఫ్రిజ్జూ, ఇన్వర్టరూ అన్నీ బొట్టు పెట్టుకునే లోపలికొచ్చాయి. ఆ చెక్కకు తడి తగిలితే మచ్చ పడుతుందని వివరించాను. "సరస్వతమ్మరా అది. మచ్చేంటి?" అంది. చివరికి పెట్టెకు బొట్టు పెట్టేలా ఒప్పందం కుదిరింది. నేను కత్తెర తెచ్చేలోపు పెట్టె తెరిచి గిటారు తలకాయకు కూడా పెట్టేసింది.

ఇక నేర్చుకోవడం. మొదటి పాఠం పాట కాదు. నాలుగు వేళ్ళూ వరసగా మెడ మీది నాలుగు గళ్ళలో నొక్కాలి, ఒకటి రెండు మూడు నాలుగు, తర్వాత పక్క తీగ. ఆరు తీగలూ అయ్యాక వెనక్కి. చీమలు బారుగా గోడెక్కి దిగినట్టుంటుంది వినడానికి. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. వేళ్ళ కొసలు మండేవి, చిటికెన వేలు మాట వినేది కాదు, దాని గురించి ఎవరికీ రిపోర్టు ఇవ్వక్కర్లేదు. ఆ సుఖం వారం కూడా నిలవలేదు.

"ఎంతవరకు వచ్చింది?" అంది అమ్మ, సిలబస్ అడిగినట్టు.

"ఏదీ, ఒక పాట వాయించు, మీ పిన్ని వింటదంట" అన్నాడు బాబాయి, ఫోన్‌ స్పీకరులో పెట్టి.

నేను రాదన్నాను. రాదంటే ఇంకా బాగా వచ్చని లెక్క. నెల తిరిగేసరికి సంబంధాల కోసం అందరికీ పంపే నా వివరాల్లో, ఎత్తుకీ జీతానికీ కింద, ఒక కొత్త వాక్యం చేరింది: 'గిటారు వాద్యంలో ప్రవేశం కలదు.' ఆ భాష బాబాయిదే. ఎరువుల బస్తాల మీద రాసే తెలుగంటే ఆయనకు గౌరవం.

ఆ వాక్యం చూసే ఒక సంబంధం వచ్చింది. కూచిపూడి. బాబాయి కొట్లో ఎరువులు కొనే రైతు కుటుంబం. అమ్మాయి బందరులో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆదివారం అమ్మ, ముందు రోజే మా ఇంటికొచ్చిన బాబాయి, నేను కారులో బయల్దేరాం. వాళ్ళింటి ముందు దిగి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి సోఫా పక్కన నా గిటారు నిలబడి ఉంది. డిక్కీలో పెట్టి తెచ్చింది బాబాయి.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను గొంతు తగ్గించి.

"వాళ్ళ నానమ్మగారు వినాలని ముచ్చటపడ్డారంటరా. పెద్దావిడ. కాదంటామా?"

పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాడమనే రోజులు పోయాయని అందరూ అంటారు. నిజమే. ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టారు.

అమ్మాయి వచ్చి కూర్చుంది. కాఫీలయ్యాయి. అమ్మ ఆప్యాయంగా, "కూచిపూడిలో పుట్టావు, డాన్స్ వచ్చే ఉంటది కదమ్మా?" అంది.

"రాదండి" అంది ఆమె. చాలాసార్లు చెప్పి అరగ్గొట్టిన మాటలా ఉంది. ఎక్కడా గరుకు లేదు.

"మావాడికి వచ్చు" అన్నాడు బాబాయి, ఎవరూ అడక్కుండానే. గిటారు నా ఒళ్ళోకి వచ్చింది.

"నిజంగా రాదండీ. ఈమధ్యే మొదలుపెట్టాను" అన్నాను.

"చూశారా, ఎంత అణకువో" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"అణకువ కాదండీ. పాట ఒక్కటి కూడా రాదు."

"పైకి చెప్పుకోడండి" అన్నాడు బాబాయి. నిజం చెప్పేకొద్దీ నా విలువ పెరుగుతోంది. అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ అలా జరగలేదు.

నానమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "వచ్చినంతే వాయించు బాబూ" అన్నారు. వచ్చినంతే వాయించాను. ఒకటి రెండు మూడు నాలుగు. చీమలు గోడెక్కాయి, దిగాయి. బాబాయి కళ్ళు మూసుకుని తల ఊపాడు. చివర్లో చిటికెన వేలు జారి ఒక తీగ గరగరమంది. అయిపోయిందని ఎవరికీ తెలియలేదు కాబట్టి దణ్ణం పెట్టాను.

"శాస్త్రీయంగా ఉందండీ" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"ఇంగ్లీషు సంగీతం. మనకి అలవాటు కావాలి" అన్నాడు బాబాయి.

తర్వాత మా ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. చుట్టూ కోతకొచ్చిన వరి. ఆమె పిట్టగోడకు ఆనుకుని అడిగింది.

"అది పాట కాదు కదండీ?"

"కాదండి. వేళ్ళకు వ్యాయామం."

"అనుకున్నాను. మా కాలేజీలో వైవాకొచ్చే పిల్లలు అలాంటి మొహమే పెడతారు."

నవ్వొచ్చింది. నవ్వాక, ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పేశాను. గోడ మీద ర్యాంకుల దగ్గర్నుంచి ఓటీపీ దాకా. నాకు కావలసిందల్లా ఎవరూ వినని గది ఒకటని, అది చేజారిపోయిందని, ఇంటికెళ్ళగానే గిటారు అమ్మేద్దామనుకుంటున్నానని కూడా చెప్పాను.

"రాదని చెప్పలేకపోయారా?"

"చెప్పాను కదండీ, మీ ముందే."

"అలా కాదు. మీరు బతిమాలినట్టు చెప్పారు. తలుపేసినట్టు చెప్పాలి." మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించింది. "నాకు వచ్చండీ."

"ఏది?"

"డాన్స్. చిన్నప్పుడు ఆరేళ్ళు నేర్చుకున్నాను. చాలా ఇష్టం. ఇంటికి ఎవరొచ్చినా, 'ఏదమ్మా, ఒకటి చెయ్యి' అనేవాళ్ళు. ఎరువులు దింపడానికొచ్చిన లారీ డ్రైవరు ముందు కూడా చేశాను. ఒకరోజు కాలు బెణికిందన్నాను. తర్వాత మర్చిపోయానన్నాను. ఇప్పుడు రాదంటాను. మా నాన్న కూడా నమ్మేశాడు."

"మరి చెయ్యాలనిపించదా?"

"ఎక్కడండీ? కూచిపూడిలో ఏ ఇంట్లో కాలు గట్టిగా వేసినా పక్కింటివాళ్ళు తాళం సరిచేస్తారు."

కిందికి దిగుతూ, "గిటారు అమ్మకండి" అంది. "తగ్గించి కొన్నారు కాబట్టి ఇంకా తగ్గించి అమ్మాలి."

ఆమె సరేనంది. నేను కారెక్కకముందే సరేనన్నాను. గిటారు వల్లే కుదిరిందని బాబాయి ఇప్పటికీ చెబుతాడు. ఆ పది శాతాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

పెళ్ళయ్యాక భవానీపురంలో మేడ మీది గది మాకిచ్చారు. నేను గిటారు తీయగానే ఆమె తన పుస్తకాలు తీసుకుని కిందికి వెళ్ళిపోతుంది. ఎంతవరకు వచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు. చుట్టాలొచ్చి, "మీ ఆయన బాగా వాయిస్తాడంటగా?" అంటే, "తెలీదండి, నేనెప్పుడూ వినలేదు" అంటుంది. ఆ మాట విని మొదట్లో అమ్మ బాధపడింది, మా మధ్య ఏదో గొడవుందని. పిన్ని అయితే పామర్రు నుంచి ఫోన్ చేసి నాకు సర్దుకుపొమ్మని చెప్పింది.

మొన్న ఆదివారం రైతుబజారు నుంచి తొందరగా వచ్చేశాను. గేటు తీస్తుంటే మేడ మీద కిటికీలు వేసి ఉన్నాయి. మెట్లెక్కబోతుంటే పైనుంచి చప్పుడు వినబడింది. పాదం నేల మీద పడిన చప్పుడు. ఒకటి, రెండు, ఆగి మళ్ళీ మొదటి నుంచి. ఎక్కడో తప్పినట్టుంది, మళ్ళీ మొదటి నుంచి. కూరల సంచి కింద పెట్టి మూడో మెట్టు మీద కూర్చున్నాను.

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఏంట్రా పైన ఆ చప్పుడు?"

"ఏ చప్పుడమ్మా? నాకేం వినబడ్లేదే" అన్నాను.