గుప్పెడు బురద

"పసరుకీ కిడ్నీలకీ ఏం సంబంధమండి అత్తయ్యగారూ? మా పెద్దనాన్న చేతి పసరు తాగి ఎంతమందికి కామెర్లు తగ్గలేదూ!"

"తగ్గినవాళ్ళు మీ ఊళ్ళో తిరుగుతున్నారు అల్లుడుగారూ. తగ్గనివాళ్ళు వచ్చి చెప్పరు కదా."

"మీరు పెద్దవారు, ఏమన్నా పడతానండి. ముందు ఈ డయాలసిస్ సంగతి తేల్చండి. నాలుగు గంటల్లో కడిగేసే మిషను ఉండగా, రాత్రీపగలూ తిరిగే ఆ నిదానం మిషను దేనికండి? దండగ కాదా?"

"దండగంటే ఏంటో నాకు మీరు చెప్పక్కర్లేదు."

అమలాపురంలో ఒక ఆసుపత్రి, ఐసీయూ తలుపు ముందు జరిగిన గొడవ ఇది. లోపల మా అమ్మాయి సత్యవేణి ఉంది. కామెర్లకని పరగడుపున పసరు తాగింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఒళ్ళంతా వాచి, మూత్రం పూర్తిగా ఆగిపోయింది. కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయనీ, పసరే కారణం కావచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

దెయ్యాలూ శాపాలూ నేను ఎన్నడూ నమ్మలేదు. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. అయినా దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో పోస్తుంటే, అవి పచ్చట్లో పడితే ఓ పూట గడిచేది కదా అనుకునే మనిషిని.

డాక్టరమ్మ మాకు మూడు దారులు చెప్పింది. పొట్టలోకి మందునీళ్ళు ఎక్కించి, మలినం అందులోకి దిగాక బయటికి తీసేది ఒకటి. సత్యవేణికి పొట్టమీద పాత ఆపరేషన్లు ఉన్నాయి కనుక అది కుదరదంది. రెండోది నాలుగు గంటల మిషను. బీపీ బాగున్నవాళ్ళకి అది చాలట. మా అమ్మాయి బీపీ మందుల మీదే నిలబడి ఉంది, ఒక్కసారిగా నీళ్ళు లాగితే ఇంకా పడిపోవచ్చు. మూడోది రోజంతా కొంచెం కొంచెంగా లాగే మిషను. ఏది పెట్టినా అది కిడ్నీలను బాగుచెయ్యదనీ, అవి కోలుకునేదాకా వాటి పని చేసిపెడుతుందనీ చెప్పింది.

నాకు చేను గుర్తొచ్చింది. ముంపు నీటిని ఇంజను పెట్టి ఒక్కసారే తోడేస్తే గట్టు జారుతుంది. తూము కాస్త ఎత్తి వదిలితే నిలుస్తుంది.

"నిదానమే పెట్టండమ్మా" అన్నాను. అల్లుడు మొహం తిప్పుకునే సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం బట్టల కోసం కొత్తపేట దగ్గర అల్లుడి ఊరు వెళ్ళాను. పక్కిల్లే అతని పెద్దనాన్న సుబ్బారాయుడుగారిది. ఆదివారం కావడంతో అరుగు నిండా పసరు కోసం వచ్చిన జనం. ఆయన చేతిపంపు పక్కన కూర్చుని ఆకు నూరుతున్నాడు.

"చెల్లెమ్మగారూ, అమ్మాయికెలా ఉందండి?"

"మీ పసరు ఎలా ఉంచిందో అలాగే ఉంది అన్నయ్యగారూ."

"పసరుని అనకండి. పథ్యం తప్పుంటాది. ఉప్పు తగిలిందేమో. ఆడోళ్ళకి నాలిక కట్టదు కదండి!"

అరుగు మీద ఎవరో నవ్వారు. ఆ రోజులన్నీ నా కూతురు తాగింది నా చేత్తో కాచిన ఉప్పులేని జావ.

గుండె మండితే మా ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోస్తారు. ఆ వాకిట్లో పొడిమట్టి దొరకలేదు. పంపు కింద బురద గుప్పెడు తీసి ఆయన నూరుతున్న రాతి మీద కొట్టాను.

"నా కూతురి ఒంట్లో నీళ్ళు ఎలా ఆగాయో, నీ ఇంట్లో నీళ్ళు అలా ఆగిపోవాలి."

అనుకుని అన్న మాట కాదు. అప్పటిదాకా మీరు, అన్నయ్యగారూ అన్న నోరే అది. గొంతు నాదే, మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. బురద చెయ్యి ఆ పంపు కిందే కడుక్కున్నాను. ధార నిండుగా వచ్చింది. అది మాత్రం బాగా గుర్తు.

మర్నాడు పొద్దున్నే నర్సు లోపలికి పిలిచింది. మంచానికి కట్టిన మూత్రం సంచిలో, నిన్నటిదాకా ఖాళీగా ఉన్నదాంట్లో, అడుగున పచ్చగా నీళ్ళు. తాకి చూశాను, వెచ్చగా ఉంది. బయటికి వచ్చేసరికి, రాత్రి ఊరెళ్ళిన అల్లుడి ఫోను.

"అత్తయ్యగారూ, పెద్దనాన్న పంపులో చుక్క నీళ్ళు లేవండి. మన పంపు బాగానే వస్తోంది. అవతలింటిదీ వస్తోంది."

కిడ్నీలు ఒక్కోసారి అలా కోలుకుంటాయని డాక్టరమ్మ అంది. అది నమ్ముతాను. పంపు సంగతే ఇప్పటికీ తెలియదు. ఊరి కాలవ నిండుగా ఉంది, నేలలో నీళ్ళకి లోటు లేదు. తర్వాత మెకానిక్కు వచ్చి గొట్టం పైకి లాగి చూశాడు. వాషరు బాగుంది, పైపు బాగుంది. అది నా వల్లే జరిగిందని అనను, కాదని ప్రమాణమూ చెయ్యను. జాలి మాత్రం కలగలేదు.

ఆ ఉదయం ఫోనులో అల్లుడు ఇంకో మాట కూడా అడిగాడు.

"పెద్దనాన్న బిందె పట్టుకుని మన వాకిట్లో నిలబడ్డారండి. పొయ్యమంటారా?"

"తాగడానికైతే పొయ్యండి. పసరుకైతే వద్దు. దేనికో అడగండి."

ఫోను పక్కన పెట్టి అడిగినట్టున్నాడు.

"ఖాళీ బిందెతో వెళ్ళిపోయేరండి" అన్నాడు.