ఎడమ మూల

మా విరుదునగరు పత్తి వ్యాపారుల క్లబ్బులో జీతానికి స్నూకర్ ఆడే మార్కరు ఒకడుండేవాడు. తన పాయింట్లను గొణుగుతూ, ఎదుటివాడి పాయింట్లను గొంతెత్తి చెప్పడం అతని అలవాటు. అడిగితే, "మనది మనకు తెలుసు గదా సామీ, వాళ్ళదే నలుగురికీ తెలియాల" అనేవాడు.

ఆ ఏడు కోవిల్‌పట్టి క్లబ్బు మార్కరుతో పోటీలు పెట్టారు. మావాడు మా ఊళ్ళో మూడు ఆటలు గెలిచాడు, వాళ్ళ ఊళ్ళో మూడు ఓడాడు. చివరి ఆట కోవిల్‌పట్టిలోనే. అదీ ఓడితే పనిలోంచి తీసేస్తానని మా సెక్రటరీ ముందే చెప్పాడు.

ఆట మధ్యలో, చూస్తూ కూర్చున్న నా తెలివి ఊరుకోలేదు. ఈ అరవ దేశంలో మన ఇంటి తెలుగు బయటివాళ్ళకేం అర్థమవుతుందిలే అనుకుని, "ఒరే, ఎడమ మూల గుంతలో వేయడం నీ చేత కాదు, ఆ పక్క పోవద్దు" అని అరిచాను.

అవతలి మార్కరు కర్రకు సుద్ద రుద్దుతూ నవ్వాడు. "చెప్పినందుకు పుణ్యముంటాది సామీ. మాది పుదూరు, ఇంట్లో తెలుగే."

అక్కడి నుంచి మావాడికి ఎడమ మూల తప్ప వేరే దారి లేకుండా బంతులు వదిలాడు. మావాడు వరసగా గురి తప్పాడు. వాళ్ళ గెలుపును మావాడే గొంతెత్తి చెప్పి, నా దగ్గరికొచ్చి, "ఇంకోసారి రగసియమంటే అరవంలో చెప్పండి సామీ. ఈ సీమలో తెలుగు వినిపిస్తే అందరూ చెవి పెడతారు" అన్నాడు.

ఎందుకు ఓడావని సెక్రటరీ మావాణ్ణి నిలదీశాడు. అతను నా వైపు చూడకుండా, చెయ్యి జారిందన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు సెక్రటరీ. పక్కనే నిలబడ్డ నాకు ఆ నిమిషాన తెలుగూ రాలేదు, అరవమూ రాలేదు.